మోడల్ పోర్ట్‌ఫోలియో రాబడి నిజంగా ఎంతో మీరే లెక్కగట్టుకోవడం ఎలా?

నేను చందా కట్టే షేర్ల సలహా (రిసెర్చ్) సర్వీసు నుంచి రాత్రి 9:40కి మెయిల్ వచ్చింది. ఒక స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీ) షేరు కొనమని సలహా, పక్కనే ‘రికమండేషన్ ధర 212’ అని ఉంది. పొద్దున్న ఆఫీసు హడావిడిలో ఫోన్ తీసి చూస్తే 229 దగ్గర మొదలైన షేరు పది గంటలకల్లా 238కి చేరింది. నాకు 236కి దొరికింది. ఏడు నెలల తర్వాత సర్వీసు వాళ్ల పట్టికలో ఆ షేరు ఎదురుగా ఆకుపచ్చ రంగులో 22.6% లాభం అని కనిపించింది. నా డీమ్యాట్‌లో వచ్చింది 6.8 శాతం.

వాళ్లు అబద్ధం ఆడలేదు. 212 నుంచి 260కి పోతే 22.6 శాతమే అవుతుంది. కాకపోతే ఆ మెయిల్ చూసి 212కి కొనగలిగినవాళ్లు సబ్‌స్క్రైబర్లలో ఒక్కరూ ఉండరు. మెయిల్ వచ్చేసరికి మార్కెట్ మూసి ఆరు గంటలు దాటింది.

రిసెర్చ్ సర్వీసులు చూపించే రాబడి అంకెలతో అసలు చిక్కు ఇదే. కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉంటాయి. ఎవరి డబ్బును కొలుస్తున్నారన్న దగ్గరే తేడా వస్తుంది. మోడల్ పోర్ట్‌ఫోలియో అని పేరు పెట్టిన, ఎవరి చేతిలోనూ లేని ఒక నమూనా షేర్ల జాబితాను కొలిచి ఆ అంకె మన ముందు పెడతారు. మీరు పెట్టే డబ్బుకు ఎంత వచ్చేదో తెలియాలంటే లెక్క మొదటి నుంచి మీరే వేసుకోవాలి. ఒక ఆదివారం, ఒక ఎక్సెల్ షీటు చాలు. గూగుల్ షీట్ అయినా సరే.

ముందుగా రెండు నిమిషాల పని

సలహా ఇచ్చేవాళ్లు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్టరైన రిసెర్చ్ అనలిస్టులేనా చూడండి. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌హెచ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఐఎన్‌ఏ అని ఉంటే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. సెబీ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన మధ్యవర్తుల జాబితా ఉంటుంది. ఆ నంబరు అక్కడ వెతికి, పేరు కూడా కలుస్తుందో లేదో చూసుకోండి. వేరేవాళ్ల నంబరు వాడుకునే ఘనులు కూడా ఉన్నారు. నంబరే లేకపోతే ఈ వ్యాసంలోని మిగతా పనంతా అనవసరం, అక్కడితో వదిలేయండి.

ఇంకొకటి. ప్రకటనల్లో తమ గత రాబడిని ప్రస్తావించకూడదని రిజిస్టరైన అనలిస్టులకు సెబీ 2023 ఏప్రిల్‌లోనే ప్రకటనల నియమావళిలో చెప్పింది. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో గత రాబడిని, రిస్కునూ తనిఖీ చేసే ఒక ఏజెన్సీ ఉండాలని ఏర్పాటు చేసింది. పొట్టిగా పార్వా అంటారు. ఆ పని రేటింగ్ సంస్థ కేర్ రేటింగ్స్‌కు వచ్చింది, డేటా సెంటర్ బాధ్యత స్టాక్ ఎక్స్ఛేంజీ అయిన ఎన్‌ఎస్‌ఈది. మంచి ఏర్పాటే. అయితే సర్వీసు అందులో చేరిన రోజు నుంచి ముందుకు నడిచే లెక్కనే అది తనిఖీ చేస్తుంది, వెనకటి అయిదేళ్ల ఘనతకు ముద్ర వేయదు. అందుకే పాత అంకెల సంగతి ఇంకా మన నెత్తినే ఉంది. తనిఖీ ముద్ర ఏదీ లేకుండా ‘ఏడాదికి 38 శాతం’ అని యూట్యూబ్ ప్రకటనలో అరుస్తున్నారంటే, అంకె నిజమా కాదా అన్నది తర్వాత, ముందు ఆ ప్రకటనే నియమాలకు విరుద్ధం.

ఒకటో మెట్టు: చెప్పినవన్నీ రాయండి, వాళ్లు మర్చిపోయినవి కూడా

సర్వీసు వెబ్‌సైట్‌లోని పట్టికతో మొదలుపెట్టకండి. మీ ఇన్‌బాక్స్‌తో మొదలుపెట్టండి. సర్వీసు పేరుతో వెతికి, మొదటి మెయిల్ నుంచి వరసగా ప్రతి ‘కొనండి’, ప్రతి ‘అమ్మండి’, ప్రతి ‘సగం బుక్ చేసుకోండి’ (సగం అమ్మి లాభం తీసుకోండి) షీటులోకి ఎక్కించండి. నాలుగు గళ్లు చాలు: మెయిల్ వచ్చిన తేదీ, సమయం, షేరు పేరు, ఏం చేయమన్నారు. ధరల గడి ఇప్పుడే వద్దు.

ఇది విసుగు పుట్టించే పని. టీ రెండుసార్లు చల్లారిపోతుంది. కానీ మొత్తం లెక్కలో ఎక్కువ నిజం బయటపడేది ఇక్కడే. నా జాబితా తయారయ్యాక వాళ్ల పట్టిక పక్కన పెట్టి చూస్తే ఒక షేరు వాళ్ల దగ్గర అసలు లేనే లేదు. 95 దగ్గర కొనమన్నారు. ఏడాదిన్నరకు 58 దగ్గర ఉండగా నెలవారీ రిపోర్టు చివర ‘ఈ కంపెనీపై మా కవరేజీ ముగిస్తున్నాం’ అని ఒక్క వాక్యం రాశారు, అంటే ఇకపై ఆ షేరు సంగతి వాళ్లు చూడరు. అమ్మమని చెప్పలేదు కాబట్టి మూసేసిన సలహాల పట్టికలోకి రాలేదు. కవరేజీ లేదు కాబట్టి నడుస్తున్న పట్టికలోనూ లేదు. గోడ మీద పిల్లిలా ఉండిపోయింది పాపం.

దీన్ని ఇండెక్స్‌తో, అంటే ఎంచిన కొన్ని షేర్లతో కట్టే నిఫ్టీ లాంటి సూచీతో పోల్చి చూడండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్కరోజులో దాదాపు 179 నుంచి 40 లోపుకు పడింది. హైదరాబాదులో ఆ రోజును మర్చిపోయినవాళ్లు తక్కువ. అప్పుడది నిఫ్టీలో ఉంది. కొద్ది రోజుల్లో నిఫ్టీలోంచి తీసేశారు, కానీ పడ్డ నష్టమంతా ఇండెక్స్ లెక్కలో ఎక్కిన తర్వాతే తీశారు. సర్వీసు పట్టికకు కూడా అదే పద్ధతి ఉండాలి. తీసేసిన షేరు నష్టం తీసేసిన రోజు వరకు లెక్కలో ఉండాలి.

మీరింకా సబ్‌స్క్రైబర్ కాకపోతే మెయిళ్లు ఉండవు. అప్పుడు రెండు దారులు. ఒకటి వేబ్యాక్ మెషీన్, వెబ్‌పేజీల పాత రూపాలను దాచి ఉంచే సైటు. సర్వీసు రాబడి పేజీ అడ్రసు అందులో వేసి ఒకటి రెండేళ్ల కిందటి రూపం తెరవండి. అప్పట్లో ఉండి ఇప్పుడు మాయమైన పోర్ట్‌ఫోలియోలు, పేరు మారినవి, ఇంకోదాంట్లో కలిపేసినవి కనిపించవచ్చు. అయిదు మోడల్ పోర్ట్‌ఫోలియోలు మొదలుపెట్టి మూడు ఆపేసి, మిగిలిన రెండింటి రాబడి చూపిస్తే ఆ రెండూ బాగానే ఉంటాయి మరి!

రెండోది టెలిగ్రామ్ ఛానెల్. పబ్లిక్ ఛానెల్‌లో ప్రతి పోస్టు లింకు చివర ఒక వరస నంబరు ఉంటుంది. 410 తర్వాత నేరుగా 414 వచ్చిందంటే మధ్యలో కొన్ని చెరిపేసి ఉండొచ్చు. ఒకేసారి నాలుగైదు ఫొటోలు పెట్టినా నంబర్లు అలాగే దూకుతాయి కాబట్టి ఒకట్రెండు చూసి తీర్పు చెప్పకండి. నష్టం వచ్చిన వారాల్లోనే నంబర్లు ఎక్కువగా మాయమయ్యాయా అన్నది చూడండి.

రెండో మెట్టు: మీకు దొరికే ధర వేయండి

ఇప్పుడు ధరల గడి. మెయిల్ మార్కెట్ మూశాక వస్తే మర్నాటి ధర. మార్కెట్ నడుస్తుండగా వస్తే ఆ తర్వాతి ధర. మర్నాటి ఓపెనింగ్ ధర వేయాలా, సగటు వేయాలా అని తర్జనభర్జన పడక్కర్లేదు. నేను ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరల మధ్య అంకె తీసుకుంటాను. ఏది తీసుకున్నా కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ అదే పద్ధతి పాటించండి. ధరలు ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో రోజువారీ భావ్‌కాపీ అనే ధరల ఫైల్లో దొరుకుతాయి.

చిన్న కంపెనీల షేర్లకు ఇది పెద్ద తేడా తెస్తుంది. వేలమందికి ఒకే నిమిషంలో ఒకే షేరు కొనమని మెయిల్ పోతే ఆ షేరు కదలకుండా ఉంటుందా? కొన్నిసార్లు పొద్దున్నే అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకు ధర పెరగగల హద్దు) తగిలి అమ్మేవాళ్లే ఉండరు. మూడు రోజులు వరసగా సర్క్యూటే అయితే, మొదటిసారి నిజంగా కొనగలిగిన రోజు ధర వేయండి. అమ్మకాల్లోనూ అంతే. టార్గెట్ 260ని షేరు మధ్యాహ్నం ఒక్క క్షణం తాకి వెనక్కి వస్తే పట్టికలో 260 అని రాసుకుంటారు. ‘బుక్ చేసుకోండి’ అన్న మెయిల్ సాయంత్రం వస్తుంది. నాకు మర్నాడు 252 దొరికింది. ఇంకో రకం సర్వీసులు టార్గెట్‌తో కూడా పని లేకుండా, సలహా ఇచ్చాక షేరు వెళ్లిన గరిష్ఠ ధరనే లాభంగా చూపిస్తాయి. అది కాకిలెక్క. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ‘గరిష్ఠ రాబడి’ అని ఉందేమో వెతకండి.

కాగితం మీది పోర్ట్‌ఫోలియోకూ చేతిలోని పోర్ట్‌ఫోలియోకూ మధ్య దూరం ఎంత ఉండొచ్చో చెప్పే పాత ఉదాహరణ అమెరికాలో ఉంది. వాల్యూ లైన్ అనే రిసెర్చ్ సంస్థ షేర్లకు ర్యాంకులు ఇచ్చేది. ఆ ర్యాంకుల ప్రకారం కాగితం మీద నడిపిన పోర్ట్‌ఫోలియో 1965 నుంచి 1986 దాకా మార్కెట్‌ను ఏటా దాదాపు 20 శాతం మేర దాటిందని, అదే సంస్థకు చెందిన నిజమైన ఫండ్ మాత్రం ఏటా 2.5 శాతమే దాటిందని హార్వర్డ్ ప్రొఫెసర్ ఆండ్రె పెరోల్డ్ 1988లో రాశాడు. ర్యాంకులు ఇచ్చిన సంస్థకే ఆ ధరలు దొరకలేదు, మన సంగతి చెప్పేదేముంది. అదే దేశంలో మార్క్ హల్బర్ట్ 1980 నుంచి దశాబ్దాల పాటు ఇన్వెస్ట్‌మెంట్ న్యూస్‌లెటర్ల రాబడిని లెక్కగట్టాడు. ఒక పాఠకుడు ఆ న్యూస్‌లెటర్ అందుకుని చెప్పినట్టు చేస్తే ఎంత మిగిలేదన్నదే ఆయన కొలత. మనం ఇక్కడ చేస్తున్నది ఆ పనే, ఇంట్లో కూర్చుని.

నా షీటులోని మూడు షేర్లు ఇలా తేలాయి. ఒక్కోదాంట్లో 20,000 రూపాయలు పెట్టాననుకోండి.

మొదటిది: వాళ్ల లెక్కలో 212 నుంచి 260, అంటే 22.6% లాభం. నా లెక్కలో 236 నుంచి 252, అంటే 6.8%.
రెండోది: వాళ్ల లెక్కలో 540 నుంచి 610, 13% లాభం. నేను 551కి కొన్నాను, 10.7%.
మూడోది: వాళ్ల పట్టికలో లేదు. నేను 97కి కొన్నాను, కవరేజీ ఆపిన రోజు 58. నష్టం 40.2%.

వాళ్ల పట్టిక ప్రకారం సగటు 17.8% లాభం. మాయమైన మూడో షేరును వాళ్ల ధర 95 తోనే కలిపితే ఆ సగటు 1.1% నష్టంగా మారుతుంది. దొరికే ధరలు కూడా వేస్తే నా 60,000 రూపాయలు 55,456 అయ్యాయి, అంటే 7.6% నష్టం. అవే షేర్లు, అదే కాలం. నా దగ్గర ఇంకా చాలా షేర్లున్నాయి, అన్నీ ఇంత ఘోరంగా లేవు. కానీ తేడా ఎక్కడ పుడుతుందో ఈ మూడు చాలు చెప్పడానికి. ఎక్కువ భాగం దాచిన షేరు వల్ల, మిగతాది ధరల వల్ల.

బోనస్, స్ప్లిట్ సంగతి మర్చిపోకండి. 1:1 బోనస్ వచ్చిన షేరు ధర సగానికి పడినట్టు కనిపిస్తుంది, షేర్లు రెట్టింపయ్యాయన్నది షీటులో వేసుకోకపోతే సర్వీసును అన్యాయంగా తిట్టుకుంటారు. నేనొకసారి అలా తిట్టుకుని, మర్నాడు సిగ్గుపడ్డాను.

మూడో మెట్టు: నూరు రూపాయలతో నడిపి చూడండి

మోడల్ పోర్ట్‌ఫోలియో అంటే డబ్బుకు ఒక హద్దు ఉండాలి. నెలకు రెండు షేర్లు చొప్పున కొనమంటూ, ఒక్కోదాంట్లో 4 శాతం పెట్టమంటూ, అమ్మమని ఎప్పుడో గానీ చెప్పకపోతే ఇరవై నెలల్లో 40 షేర్లవుతాయి. నలభై నాలుగులు నూట అరవై. నూరు రూపాయల్లోంచి నూట అరవై ఎలా పెడతారు? ఇలాంటి సర్వీసులు చూపించేది పోర్ట్‌ఫోలియో రాబడి కాదు, విడివిడి సలహాల సగటు. మీ షీటులో మాత్రం చేతిలో ఉన్నంతే పెట్టండి. డబ్బు అయిపోయాక వచ్చిన సలహాను ‘డబ్బు లేదు’ అని రాసి వదిలేయండి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. 30 శాతం నగదు పక్కన ఉంచమని చెప్పి, రాబడి మాత్రం షేర్లలో పెట్టిన 70 శాతానికే చూపించడం. ఆ నగదు కూడా మీ డబ్బే కదా, దాన్ని కలిపి లెక్కించండి.

నాలుగో మెట్టు: ఎక్స్‌ఐఆర్‌ఆర్

రాబడిని చెప్పే తీరుల్లో మనల్ని ఎక్కువగా మోసపుచ్చేది సగటు. మొదటి ఏడాది 60% లాభం, రెండో ఏడాది 30% నష్టం, మూడో ఏడాది 20% లాభం. సగటు 16.7%. చేతిలో ఏముంది? లక్ష 1,60,000 అయింది, అందులోంచి 30% పోయి 1,12,000 అయింది, ఆపైన 1,34,400. ఏడాదికి చక్రవడ్డీ లెక్కన 10.4 శాతం. ‘సగటు రాబడి’ అన్న మాట ఎక్కడ కనిపించినా ఒక్క నిమిషం ఆగండి. రెండు నెలల్లో వచ్చిన 8 శాతాన్ని ఏడాదికి సాగదీసి 58.7% అని చూపించడం కూడా ఈ కోవలోదే. ఏడాది నిండని సలహాను ఏడాది లెక్కన చెప్పకూడదు.

ఎక్సెల్‌లో ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములా ఈ తలనొప్పంతా తీరుస్తుంది. ఒక వరసలో తేదీలు, పక్క వరసలో డబ్బు. జేబులోంచి పోయింది మైనస్, జేబులోకి వచ్చింది ప్లస్. డివిడెండ్లు వచ్చిన తేదీన ప్లస్. చివరి వరసలో ఈ రోజు తేదీ, ఇంకా చేతిలో ఉన్న షేర్ల, మిగిలిన నగదు విలువ మొత్తం ప్లస్. కింద ఫార్ములా వేస్తే ఏడాదికి ఎంత శాతమో వస్తుంది.

జేబులోంచి పోయినదాన్ని సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో చూడాలంటే మళ్లీ అమెరికాకే పోవాలి. ఇల్లినాయ్ రాష్ట్రంలో బియర్డ్స్‌టౌన్ అనే చిన్న ఊరు. అక్కడి ఆడవాళ్లు కొందరు క్లబ్బు పెట్టుకుని నెలనెలా డబ్బు వేసుకుని షేర్లు కొనేవారు. 1984 నుంచి పదేళ్లలో ఏటా 23.4 శాతం సంపాదించామని చెప్పుకున్నారు. టీవీలో కనిపించారు, పుస్తకం అమ్ముడుపోయింది. 1998లో ఒక పత్రిక ఆరా తీస్తే, సభ్యులు నెలనెలా వేసిన డబ్బు కూడా ఆ రాబడిలో కలిసిపోయిందని తేలింది. ఆడిటర్లు లెక్కగడితే వచ్చింది 9.1 శాతం. ఆ కాలంలో ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ 14.9 శాతం ఇచ్చింది. వాళ్లు మోసం చేయాలనుకున్నట్టు నాకైతే అనిపించదు. చీటీలో నెలనెలా మనం కట్టింది కూడా లాభం కింద రాసేసుకుంటే ఎలా ఉంటుందో అలా జరిగింది. పోర్ట్‌ఫోలియో విలువ పెరిగిందని సర్వీసు గ్రాఫు చూపించినప్పుడు, మధ్యలో కొత్త డబ్బు ఎంత వేశారని అడగండి.

అయిదో మెట్టు: అదే రూపాయి, అదే రోజు, ఇండెక్స్ ఫండ్‌లో

మీ ఎక్స్‌ఐఆర్‌ఆర్ 14 శాతం వచ్చిందనుకుందాం. బాగుందా, బాగాలేదా? ఇండెక్స్ పక్కన పెడితే గానీ తెలియదు. ఆ పక్కన పెట్టే దగ్గరే మళ్లీ మాయ.

చాలా పట్టికల్లో ‘నిఫ్టీ 50 కంటే ఇంత ఎక్కువ’ అని ఉంటుంది. పోర్ట్‌ఫోలియోలో ఉన్నవేమో స్మాల్‌క్యాప్‌లు. మేకను తెచ్చి ఆవు పక్కన నిలబెట్టి తూచినట్టు ఉంటుంది. స్మాల్‌క్యాప్‌లను నిఫ్టీ స్మాల్‌క్యాప్ 250తో, కలగలుపుగా ఉంటే నిఫ్టీ 500తో పోల్చాలి. రెండోది, డివిడెండ్లు. పత్రికల్లో, టీవీల్లో కనిపించే నిఫ్టీ అంకెలో డివిడెండ్లు ఉండవు. డివిడెండ్లు కలిపిన అంకెను టోటల్ రిటర్న్ ఇండెక్స్, టీఆర్‌ఐ అంటారు. మ్యూచువల్ ఫండ్లు టీఆర్‌ఐతోనే పోల్చుకోవాలని 2018 ఫిబ్రవరి 1 నుంచి సెబీ నియమం ఉంది. సర్వీసు మాత్రం తన పోర్ట్‌ఫోలియోకు డివిడెండ్లు కలుపుకుని, ఇండెక్స్‌కు కలపకుండా పోల్చిందంటే ఏటా ఒక శాతం పైచిలుకు ఊరికే గెలిచినట్టు కనిపిస్తుంది. ఒక శాతమేగా అనుకోకండి. ఏటా 12 శాతం చొప్పున పదేళ్లకు లక్ష 3,11,000 అవుతుంది, 13.3 శాతం చొప్పున 3,49,000 అవుతుంది.

టీఆర్‌ఐ అంకెలు ఎన్‌ఎస్‌ఈ ఇండెక్సుల వెబ్‌సైట్‌లో పాత తేదీలతో సహా దొరుకుతాయి. కానీ నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది. ఇండెక్స్‌కు బదులు ఇండెక్స్ ఫండ్ తీసుకోండి, డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేనిది), గ్రోత్ ఆప్షన్ (డివిడెండ్లు పంచకుండా లోపలే ఉంచేది). పాత ఎన్‌ఏవీలన్నీ, అంటే ఒక్కో రోజు యూనిట్ ధరలు, మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అందులో డివిడెండ్లు కలిసే ఉంటాయి, ఫండ్ ఖర్చులు తీసేసే ఉంటాయి, పైగా నిజంగా మీరు కొనగలిగిన వస్తువు. మీరు షేరు కొన్న ప్రతి తేదీన అదే డబ్బుతో ఆ ఫండ్ యూనిట్లు కొన్నట్టు, అమ్మిన తేదీన అంతే డబ్బు తీసినట్టు పక్క గళ్లలో వేసి, మళ్లీ ఎక్స్‌ఐఆర్‌ఆర్ కట్టండి. ఇప్పుడు రెండు అంకెలు ఒకే తక్కెడలో ఉన్నాయి.

మొదలైన తేదీ చూడటం కూడా ఇక్కడే. ‘2020 ఏప్రిల్‌లో ప్రారంభం, నాటి నుంచి రెట్టింపు పైన’ అని రాసి ఉంటే గుర్తు తెచ్చుకోండి: కోవిడ్ భయంలో 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. 2021 చివరికి 17,300 దాటింది. ఏ పరిశోధనా లేకుండా నిఫ్టీ కొని నిద్రపోయినవాడికి కూడా రెట్టింపు దాటింది. అందుకే ‘ప్రారంభం నుంచి’ అన్న ఒక్క అంకెతో తృప్తి పడకుండా, క్యాలెండర్ ఏడాదుల వారీగా రాబడి అడగండి. మార్కెట్ పడ్డ ఏడాదిలో ఎంత పడ్డారో ముఖ్యంగా చూడండి. ‘లైవ్’ అయిన తేదీకి ముందరి గ్రాఫు ఉంటే అది బ్యాక్‌టెస్ట్, అంటే జరిగిపోయినదాన్ని చూసి ఇప్పుడు రాసుకున్న కథ. నా షీటులో దానికి చోటు లేదు.

ఆరో మెట్టు: ఫీజు, పన్ను

ఏడాది ఫీజు 15,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో 17,700. మీరు పెట్టింది 2 లక్షలైతే ఏటా 8.85 శాతం ఫీజుకే పోతుంది. 10 లక్షలైతే 1.77 శాతం. సర్వీసు పట్టికలో ఫీజు తీసి చూపించడం నేనింతవరకు చూడలేదు, ఎందుకంటే ఒక్కొక్కరికి ఒక్కో శాతం అవుతుంది, వాళ్లు చేసేదీ ఏం లేదు. మీరే కట్టిన తేదీన మైనస్‌గా వేయండి. రెండు మూడు లక్షలతో మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క లెక్క ముందుగా వేసుకుంటే మిగతా ఆదివారం మిగులుతుంది.

పన్ను కూడా ఫీజు లాంటిదే. 2024 జులై 23 నుంచి, ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభం మీద 20 శాతం, ఏడాది దాటితే ఏటా 1.25 లక్షల పైన ఉన్న లాభం మీద 12.5 శాతం. సెస్ అదనం. మూణ్ణెల్లకోసారి సగం షేర్లు మార్చే పోర్ట్‌ఫోలియో ప్రతిసారీ 20 శాతం పన్ను పడే లాభం తెస్తుంది. ఇండెక్స్ ఫండ్ పట్టుకుని కూర్చుంటే అమ్మేదాకా పన్ను లేదు. కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను, అమ్మినప్పుడల్లా డీమ్యాట్ సంస్థ తీసుకునే డీపీ ఛార్జీ ఉండనే ఉన్నాయి. చిన్న మొత్తాలే, కానీ 5,000 రూపాయల షేర్లు అమ్మినప్పుడు డీపీ ఛార్జీ కూడా కనపడుతుంది.

ఏడో మెట్టు: బాగా పెరిగిన రెండు షేర్లు తీసేసి మళ్లీ కట్టండి

ఇది సర్వీసు నిజాయితీకి పరీక్ష కాదు, అదృష్టానికి. షీటు కాపీ తీసి, అందులో అన్నిటికంటే పెరిగిన రెండు షేర్లు తీసేసి, వాటిలో పెట్టిన డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో వేసినట్టు రాసి, ఎక్స్‌ఐఆర్‌ఆర్ చూడండి. 19 శాతం కాస్తా 11కి దిగితే, ఆ సర్వీసు ఘనతంతా రెండు మల్టీబ్యాగర్ల మీద నిలబడి ఉందన్నమాట. తప్పు కాదు, షేర్లలో సంపాదన చాలావరకు అలాగే వస్తుంది. కానీ ఆ రెండు మెయిళ్లు వచ్చిన వారం మీరు ఊళ్లో పెళ్లికి వెళ్లి కొనలేకపోతే? సర్వీసు పట్టికకు పెళ్లిళ్లుండవు, జ్వరాలుండవు, ‘ఈ నెల పిల్లల ఫీజులు కట్టాలి, వచ్చే నెల కొందాంలే’ ఉండదు.

ఇక సర్వీసుకు మెయిల్ రాయండి

షీటు పూర్తయ్యాక గొడవ పడే ధోరణిలో కాకుండా, మామూలుగా నాలుగు ప్రశ్నలు రాసి పంపండి. పట్టికలో కొనుగోలు ధర ఏ సమయానిది? కవరేజీ ఆపిన, మూసేసిన సలహాలన్నిటి జాబితా తేదీలతో పంపగలరా? పోలిక నిఫ్టీతోనా, టీఆర్‌ఐతోనా? రాబడి సలహాల సగటా, డబ్బుకు హద్దు పెట్టి నడిపిన పోర్ట్‌ఫోలియోదా?

మంచి సర్వీసులు వీటికి రెండు రోజుల్లో జవాబిస్తాయి. కొందరు అడగకుండానే పట్టిక కింద రాసి ఉంచుతారు: ‘ధర: మెయిల్ పంపిన మర్నాటి సగటు. పోలిక: నిఫ్టీ 500 టీఆర్‌ఐ.’ ఇలా రాసే వాళ్ల రాబడి అంకె పక్కవాళ్లదాని కంటే కాస్త చిన్నగా కనిపిస్తుంది, అయినా నేను ముందు వీళ్లవైపే చూస్తాను. ఒకచోట నాకు వచ్చిన జవాబు: ‘పాత సలహాల జాబితా గోప్యం.’ ఆ సలహాలన్నీ నాకే పంపారు, నా ఇన్‌బాక్స్‌లోనే ఉన్నాయి, అయినా గోప్యమట. ఇంకోచోట, ఫోన్ చేసి ‘సార్, మీరు లాంగ్ టర్మ్ చూడాలి’ అన్నారు. ఎంత లాంగ్ అని అడిగితే నవ్వారు.

జవాబు తప్పుదోవ పట్టించేదిగా అనిపిస్తే, ముందు సర్వీసుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పరిష్కారం కాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో వేయొచ్చు. మీ షీటు, ఆ మెయిళ్లు జత చేయండి. స్క్రీన్‌షాట్ల కంటే తేదీ, సమయం ఉన్న అసలు మెయిళ్లకు విలువ ఎక్కువ, కాబట్టి ఇన్‌బాక్స్ శుభ్రం చేసేటప్పుడు వాటిని చెరిపేయకండి.

ఈ పనంతా రెన్యువల్‌కు కనీసం నెల ముందు పెట్టుకోండి. చాలా సర్వీసులు చేరేటప్పుడే ఆటోపే పెట్టించుకుంటాయి. నేను షీటు పూర్తిచేసింది ఆదివారం రాత్రి, డబ్బు కట్ అయింది అంతకుముందు గురువారం. ఇప్పుడే ఫోన్‌లో యూపీఐ యాప్ తెరిచి, ఆటోపే విభాగంలో ఆ సర్వీసు పేరు ఉందో లేదో, తర్వాతి తేదీ ఎప్పుడో చూసి, దానికి నెల ముందు ఆదివారాన్ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.